నాలుగో కంట్రోలు

హరిత ఎడమచెయ్యి బల్ల మీదికి చాపి, మొహం తల్లి వైపు తిప్పుకుని కూర్చుంది. స్పందన మోచేతి పైన రబ్బరు పట్టీ బిగించి, చూపుడువేలితో నరం వెతికింది.

"నొస్తదా అక్కా?"

"చీమ కుట్టినట్టు ఉంటుంది. అంతే."

ఉప్పల్ రోడ్డు పక్కనున్న ఆ పరిశోధన సంస్థలో, కింది అంతస్తు గదిలో, శనివారాలు ఈ పని జరుగుతుంది. చిన్న వయసులో గుండెజబ్బుతో పోయినవాళ్ళ కుటుంబాలను డాక్టర్లు ఇక్కడికి పంపుతారు. రక్తం తీసి, ఇంట్లో ఎవరెవరు ఎలా పోయారో అడిగి, వంశవృక్షం గీసుకోవాలి. తెలంగాణ కోసం సమ్మె మొదలైనప్పటినుంచీ బస్సులు లేవు. ఆ రోజు వచ్చింది ఈ తల్లీకూతుళ్ళే, నాచారం నుంచి నడుచుకుంటూ.

తల్లి పేరు వెంకటనర్సమ్మ. వచ్చినప్పటినుంచీ ఆమె స్పందన మొహాన్నే చూస్తోంది. స్పందన అది గమనించింది గానీ, సూది చూసి భయపడే తల్లులు ఎలాగూ తన మొహమే చూస్తారని ఊరుకుంది.

రక్తం ట్యూబులోకి ఎక్కింది. స్పందన పట్టీ వదులు చేసి, దూది పెట్టి, హరిత చేతిని మడిచింది.

"ఇంట్లో గుండెజబ్బు ఎవరికమ్మా?"

"మా ఆయనకే. ఉప్పలయ్య. ఫ్యాక్టరీల మోటరు కాడ పడి పోయిండు. మూడేండ్లాయె. కరెంటు గుంజిందని అందరన్నరు, పోలీసులు గుడ అదే రాసిన్రు. తర్వాత ఏమైందో, గుండె కండ లావైందంట, అదే జబ్బంట, దానితోనే పోయిండని దవాఖాన నుంచి కాయిదం వచ్చింది. బిడ్డకు గుడ రావచ్చని డాక్టరు చెప్పిండు."

"పాపకు పరీక్షలు చేయించారా?"

"స్కాన్ తీసిన్రు. ఇప్పటికైతే మంచిగనే ఉన్నదన్నరు. పెద్దగైనంక వస్తదో రాదో చెప్పలేమన్నరు. ఉరకనియ్యద్దన్నరు."

"నేను ఖోఖోల ఉంటుంటి అక్కా," అంది హరిత, దూది తీసి చూసుకుంటూ. "ఇప్పుడు ఆటల పీరియడ్‌ల అందరి బ్యాగుల కాడ కూసోబెడ్తున్నరు."

ఆ మాట ఫిర్యాదులా అనలేదు. బ్యాగులు ఎవరో ఒకరు చూసుకోవాలి కదా అన్నట్టు అంది.

స్పందన ట్యూబు మీద చీటీ అంటించబోతుంటే వెంకటనర్సమ్మ ముందుకు వంగింది.

"నిన్ను ఎర్కపట్టిన బిడ్డా. ఇందాకటి సంది సూస్తున్న, నువ్వేనా కాదా అని. సర్కారు దవాఖానల, శవాల గది ముందట, మా ఆయన పోయిననాడు. అరుగు మీద నువ్వు నా పక్కపొంటే కూసున్నవ్. నీ సీసల నీళ్ళు నాకు తాపినవ్."

స్పందన చేతిలో చీటీ వంకరగా అంటుకుంది.

"మీవాళ్ళెవరు పోయిన్రు ఆ దినం?"

స్పందన వంకర చీటీని గోటితో ఊడదీయసాగింది. వెంకటనర్సమ్మ ఆ మౌనాన్ని దుఃఖం అనుకుంది. చెయ్యి చాపి స్పందన మణికట్టు పట్టుకుని, ఒకసారి నొక్కి వదిలింది.

"పోనీ తియ్యి. యాది జేసుకుంటె ఎవ్వరికైనా కష్టమే."

ఆ రోజు స్పందనవాళ్ళు ఎవరూ పోలేదు. ఆమె ఆ అరుగు మీద కూర్చున్నది పనిమీద. గుండె కండరాల కణాలను లోపలినుంచి పట్టి ఉంచే ప్రొటీన్ల మీద ఆమె పరిశోధన. జబ్బు గుండెలో అవి ఎలా చెదిరిపోతాయో చెప్పాలంటే, జబ్బు లేని గుండెలో ఎలా ఉంటాయో పక్కన పెట్టి చూపించాలి. ఆ జబ్బు లేని గుండెను ల్యాబులో కంట్రోలు అంటారు. ప్రమాదాల్లో పోయినవాళ్ళ శవపరీక్ష జరిగినప్పుడు అందులోంచి చిన్న ముక్క తీసుకునేందుకు దవాఖాన కమిటీ అనుమతి ఇచ్చింది. ఫోను రాగానే మంచుపెట్టె పట్టుకుని వెళ్ళడం, తలుపు దగ్గర కాచుకుని ఉండడం, ట్యూబు చేతికి రాగానే ఆటో ఎక్కడం. ఆ రోజు ఆ గదిలోకి వెళ్ళిన శవం ఒక్కటే. కరెంటు షాకు కేసు అని ఫోనులో చెప్పారు. ఆ ముక్కే నాలుగో కంట్రోలు అయింది.



*

బొగ్గుగనుల్లో సమ్మె వల్ల కరెంటు ఎప్పుడు పోతుందో తెలియడం లేదు. జనరేటరు ఆగితే ఫ్రీజర్లలో ఏళ్ళ తరబడి దాచినవన్నీ పాడైపోతాయి. అందుకని విద్యార్థులు వంతులు వేసుకుని కాపలా కాస్తున్నారు. ఆదివారం పగలు స్పందన వంతు.

ఫ్రీజరు తెరవగానే తెల్లటి ఆవిరి మొహానికి కొట్టింది. మందపాటి తొడుగులు వేసుకుని, మూడో అరలోంచి పెట్టె లాగి, నాలుగో కంట్రోలు ట్యూబు తీసింది. తరచుగా కోస్తూ ఉండడం వల్ల ముక్క చాలా తగ్గిపోయింది. చిటికెన వేలి కొసంత ఉంది.

గడ్డకట్టిన కండను పొరలుగా కోసే యంత్రం ముందు నిలబడి, ముక్కను పీట మీద జిగురుతో నిలబెట్టి, చక్రం తిప్పింది. బ్లేడు మీదికి ఉల్లిపొర కంటే పల్చటి పొర జారింది. చివర ముడుచుకుపోకుండా కుంచెతో మెల్లగా అదిమి, గాజుపలక దానికి ఆనించింది. పొర దానంతటదే గాజుకు అంటుకుంది. రెండోది తీసింది. మూడోది చిరిగింది. ఈ పని చేస్తున్నప్పుడు ఆమె మామూలుగా ఏదో ఒక పాట కూనిరాగం తీస్తుంది. ఆ రోజు తియ్యలేదు.

రంగులు ఎక్కించి, సాయంత్రానికి చీకటిగదిలో మైక్రోస్కోపు ముందు కూర్చుంది. ఆమెకు తెలియనిది ఏమీ కనిపించలేదు. పోచంపల్లి మగ్గం మీద పడుగు పరిచినట్టు, పచ్చటి దారాలు ఒకే వైపుకు, వాటి మీద సమాన దూరంలో ఎర్రటి అడ్డగీతలు. సాగి మళ్ళీ ముడుచుకునే ప్రొటీను దాని చోట ఉంది. ఒక కణాన్ని పక్క కణానికి కట్టి ఉంచే ప్రొటీను దాని చోట ఉంది. కండ లావెక్కే జబ్బు ఉన్న గుండెల్లో కణాలు ఉబ్బి, దారాలు చిక్కుబడి, ఎటుబడితే అటు పోతాయి. అలాంటివి స్పందన కొన్ని వందలు చూసింది. ఇందులో ఒక్క దారం తప్పలేదు. సదస్సుల్లో ఆమె చూపించే మొదటి బొమ్మ ఎప్పుడూ ఇదే. ఆ మనిషి చనిపోయిన కొద్ది గంటల్లోనే చేతికందింది కాబట్టి ఇంత స్పష్టంగా ఉందని అందరూ మెచ్చుకునేవారు.

ఆమె దీపం వేసింది. మళ్ళీ ఆర్పి, ఇంకోసారి చూసింది.

*

సోమవారం పొద్దున విజయభాస్కర్ ఆమె చెప్పిందంతా విన్నాడు. ఆయన ఆమె గైడు. మాట మధ్యలో అడ్డు రాడు, విన్నాక తొందరపడడు. కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు.

"నాలుగో కంట్రోలుకి పేరు లేదమ్మా. ఉండకూడదు. నువ్వు పెట్టకు."

"ఆమె వచ్చి నా ముందు కూర్చుంది సార్. ఆ రోజు ఉన్న శవం ఒక్కటే."

"సరే, ఆయనే అనుకుందాం. కండ బాగుంది, అంతవరకే నువ్వు చెప్పగలవు. కండ బాగున్న గుండె కూడా ఒక్కోసారి లయ తప్పి ఆగిపోతుంది. కరెంటు వల్లే పోయాడని నీ స్లైడు చెప్పదు."

"చెప్పదు సార్. కానీ వాళ్ళు రాసిన జబ్బు లేదని చెబుతుంది. ఆ జబ్బు పేరు చెప్పి ఆ పిల్లను కదలనివ్వడం లేదు."

విజయభాస్కర్ కిటికీ వైపు చూశాడు. కింద గేటు దగ్గర జెండాలు పట్టుకుని చిన్న ఊరేగింపు పోతోంది. నినాదాలు దగ్గరికి వచ్చి, హబ్సిగూడ వైపు సాగిపోయాయి.

"ఆమెకు నువ్వు ఈ సంగతి చెప్పావనుకో, నీకెలా తెలుసు అంటుంది. అప్పుడేం చెబుతావు? మనం తీసుకున్నది పద్ధతి ప్రకారమే. కమిటీ ఒప్పుకుంది. కానీ ఆమెకు కమిటీ అంటే ఏమిటో తెలుసా? ఇది బయటికి పోతే రేపు దవాఖానవాళ్ళు తలుపు మూసేస్తారు. నీ థీసిసే కాదు, తరవాత వచ్చేవాళ్ళ పని కూడా ఆగిపోతుంది. పిల్ల రక్తపరీక్ష జరగనీ. అందులో ఏమీ లేదని వస్తే డాక్టరే చెబుతాడు."

"అది రావడానికి ఏడాది పడుతుంది సార్. వచ్చినా, జన్యువుల్లో మనకు తెలిసిన మార్పులేవీ లేవనే చెప్పగలం. భయం పోదు."

ఆయన కళ్ళజోడు పెట్టుకున్నాడు. ఇక వెళ్ళమని దానికి అర్థం.

స్పందన ఇంటికి వచ్చాక తల్లి రాజేశ్వరమ్మ అన్నం వడ్డిస్తూ, ఏం జరిగిందని అడిగింది. స్పందన తండ్రి రైల్వే ఉద్యోగం కోసం తెనాలి నుంచి వచ్చి నాచారంలో ఇల్లు కట్టుకున్నాడు. స్పందన పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే. కూతురి చదువు గురించి రాజేశ్వరమ్మకు పెద్దగా తెలియదు, కానీ అన్నం కలిపే తీరు చూసి మనసు బాగాలేదని పసిగడుతుంది. స్పందన చెప్పింది. రాజేశ్వరమ్మ గరిటె పట్టుకుని నిలబడి విన్నది.

"అంటే ఆవిడ పక్కనే కూర్చుని ఉంటే, ఆవిణ్ణి అడగలేదా?"

"అడిగే పద్ధతి లేదమ్మా."

రాజేశ్వరమ్మ పప్పు వడ్డించి వంటగదిలోకి వెళ్ళిపోయింది.

*

మర్నాడు మధ్యాహ్నం స్పందన నాచారం ఎర్రకుంట దగ్గర ఆ ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళింది. ఫ్యాక్టరీల వెనక సందు. కాలిన రబ్బరు వాసన గాలిలో నిలిచి ఉంది. రేకుల ఇంటి ముందు వెంకటనర్సమ్మ గోనెపట్టా మీద కూర్చుని, చిన్న కత్తెరతో రబ్బరు వాషర్ల అంచులు కత్తిరిస్తోంది. అచ్చులోంచి వచ్చిన వాషరు చుట్టూ పల్చటి రబ్బరు మిగిలి ఉంటుంది. దాన్ని వాషరుకు గాటు పడకుండా తీసెయ్యాలి. ఆమె ఎడమచేత్తో వాషరును గుండ్రంగా తిప్పుతుంటే కత్తెర కదలకుండా ఒకేచోట ఉంటోంది.

"అరె, నువ్వా బిడ్డా. రా, కూసో. హరితా, పీట తే."

బడులు మూసి ఉండడంతో హరిత ఇంట్లోనే ఉంది. పీట వేసి, తల్లి పక్కన కూర్చుని వాషర్లు లెక్కపెట్టి సంచిలో వెయ్యసాగింది.

స్పందన దారి పొడుగునా మాటలు కూర్చుకుంది. అవన్నీ మరిచిపోయి ముందుగా చెప్పాల్సింది చెప్పేసింది.

"అమ్మా, ఉప్పలయ్య గారి గుండెకు జబ్బు లేదు. కండ లావెక్కలేదు. బాగుంది."

వెంకటనర్సమ్మ చేతిలోని వాషరు పూర్తిగా తిప్పి, తెగిన రబ్బరు పక్కన పడేసింది.

"నాకెర్కనే."

స్పందన ఆ జవాబు ఊహించలేదు.

"మోటరు షాకు కొడ్తున్నదని వారం దినాల సంది చెప్తుండె. బాగుజెయ్యమని సూపర్‌వైజరును అడిగిండు. పడిపోయిన తర్వాత ఆ మోటరు తీసేసి కొత్తది పెట్టిన్రు. నేను కండ్లార సూసిన. ఎవ్వరికి చెప్పలేదు నేను? పోలీసులకు చెప్పిన, లేబర్ ఆఫీసుల చెప్పిన. కాయిదం మీద ఇంకో తీరుగ ఉన్నదన్నరు."

"మరి హరితను ఎందుకు ఆడుకోనివ్వడం లేదు?"

"ఆయన ముచ్చట నాకెర్క. బిడ్డ ముచ్చట ఎట్ల ఎర్కయితది? ఒకవేళ డాక్టరు మాటే నిజమైతె?" కత్తెర మళ్ళీ కదిలింది. అంతలోనే ఆగింది. "నీకెట్ల ఎర్క బిడ్డా, ఆయన గుండె మంచిగున్నదని?"

సందులో ట్రాలీ ఆటో ఒకటి పోయింది. దాని చప్పుడు తగ్గేదాకా స్పందన ఆగింది.

"ఆ రోజు మావాళ్ళు ఎవరూ చనిపోలేదమ్మా. నేను ల్యాబు నుంచి వచ్చాను. శవపరీక్షలో ఉప్పలయ్య గారి గుండెలోంచి చిన్న ముక్క తీసి నాకిచ్చారు. అది మా ఫ్రీజర్లో ఉంది. ఇన్నాళ్ళూ దాన్నే చూస్తున్నాను. ఎవరిదో తెలియదు. శనివారం మీరు చెప్పాకే తెలిసింది."

హరిత లెక్క ఆపింది.

"ముక్కనా," అంది వెంకటనర్సమ్మ. "ఎంత ముక్క?"

స్పందన తన చిటికెన వేలి కొస చూపించింది. "అప్పుడు ఇంకొంచెం పెద్దది. కోసి వాడుతూ వచ్చాం."

"దేనికి?"

"జబ్బున్న గుండెల పక్కన పెట్టి పోల్చడానికి. మంచి గుండె ఎట్లా ఉంటుందో చూపించడానికి. దాన్ని కంట్రోలు అంటారు."

"కంట్రోలంటె? కంట్రోలు బియ్యం లెక్కనా?"

"కాదమ్మా. కొలతకు పెట్టుకునేది."

వెంకటనర్సమ్మ కత్తెర కింద పెట్టింది. రబ్బరు నలుపు ఎక్కిన వేళ్ళను కొంగుకు తుడుచుకుంది. చాలాసేపు తుడుచుకుంది.

"నువ్వు నా పక్కన కూసున్నవ్. నీళ్ళిచ్చినవ్. నేను ఏడుస్తుంటె వీపు రాసినవ్. నీకు గుడ ఎవరో పోయిన్రు, అయినా నన్ను సూసుకుంటున్నదని ఇన్నేండ్లు అనుకున్న."

స్పందన తల వంచుకుంది.

"ఆయన్ని బొంద పెట్టినం బిడ్డా. కాల్చలేదు. నిండు మనిషిని పెట్టినమనుకున్నం." ఆమె గొంతు పెరగలేదు. "తెచ్చియ్యి."

"తెస్తే మళ్ళీ వాడడానికి ఉండదమ్మా. లేబర్ ఆఫీసులో అడిగితే చూపించడానికి అదొక్కటే సాక్ష్యం."

"సాక్ష్యం మనుషులు చెప్పాలె. నువ్వు సూసినవ్ గద, నువ్వు చెప్పు. ఆ ముక్కతోని ఎందుకు చెప్పిస్తవ్?" మళ్ళీ కత్తెర అందుకుంది. "రేపు నేనే వస్త. మీ సారును అడుగుత."

*

బుధవారం వెంకటనర్సమ్మ గేటు దగ్గరికి వచ్చిందని ఫోను వచ్చినప్పుడు స్పందన విజయభాస్కర్ గదిలోనే ఉంది. నిన్న నాచారం వెళ్ళిన సంగతి అప్పుడే చెప్పింది. ఆయన కోప్పడలేదు. "నాకు చెప్పి వెళ్ళాల్సింది," అని మాత్రం అన్నాడు. తరవాత లేచి, లిఫ్టు కోసం ఆగకుండా మెట్లు దిగి తనే గేటు దాకా వెళ్ళాడు.

ఆమెను గదిలోకి తీసుకొచ్చి కుర్చీ చూపించాడు. ఆమె కొసన కూర్చుంది. చేతిలో గుడ్డలో చుట్టిన స్టీలు డబ్బా ఉంది. పక్కన హరిత నిలబడింది. ఏం చెయ్యాలో ఆయనకు తోచినట్టు లేదు. "చూస్తారా అమ్మా?" అన్నాడు.

చీకటిగదిలో స్పందన స్లైడు పెట్టి, కుర్చీ ఎత్తు సరిచేసింది. వెంకటనర్సమ్మకు మైక్రోస్కోపులోంచి చూడడం చేతకాలేదు. కనురెప్పలే కనిపిస్తున్నాయంది. అందుకని పక్కనున్న తెర మీదికి తెచ్చారు. ఆకుపచ్చ దారాలు, ఎర్ర గీతలు. ఆమె మొహం మీద ఆ వెలుగు పడింది.

"ఇదేనా ఆయన?"

"ఆయన గుండెలో కండ," అన్నాడు విజయభాస్కర్. "ఈ గీతలన్నీ ఒక్కసారి దగ్గరికొస్తే గుండె కొట్టుకుంటుంది. దూరమైతే సేద తీరుతుంది. అవి చెదరకుండా ఈ దారాలు పట్టుకుని ఉంటాయి. జబ్బుంటే ఇవి ఇట్లా ఉండవు."

స్పందన ఇంకో బొమ్మ పక్కన పెట్టింది. అందులో దారాలు ముద్దలుగా, చిక్కులుగా ఉన్నాయి. వెంకటనర్సమ్మ రెంటినీ మార్చి మార్చి చూసింది. వివరంగా చెప్పాల్సిన అవసరం లేకపోయింది.

"మరి నేను ఉరకొచ్చా సార్?" అంది హరిత వెనకనుంచి.

విజయభాస్కర్ పిల్ల ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"మీ నాన్నకు ఆ జబ్బు ఉన్న గుర్తు ఏదీ నాకు కనిపించలేదు. నీ స్కాన్ బాగుంది. నిన్ను ఆపడానికి నా దగ్గర కారణం లేదు. ఇదే మీ డాక్టరుకు రాసి, ఇంకోసారి చూడమంటాను. ఆయన సరేననగానే ఆడుకో." వెంకటనర్సమ్మ వైపు తిరిగాడు. "లేబర్ ఆఫీసుకు కూడా చూసింది చూసినట్టు రాసిస్తాను. కరెంటు వల్లే పోయాడని నేను రాయలేను. ఆ జబ్బు లేదని మాత్రం రాస్తాను. సంతకం నాది."

వెంకటనర్సమ్మ తల ఊపింది. తెర మీదినుంచి చూపు తిప్పలేదు.

"అమ్మా, ఆ రోజు మిమ్మల్ని అడగాల్సింది. అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను." మాటలు ఒక్కొక్కటే పేర్చుకుంటున్నట్టు మాట్లాడాడు. "ఇంత బాగా ఉన్న ముక్క మా దగ్గర ఇంకోటి లేదు. దీన్ని చూసి జబ్బున్నవాళ్ళ గుండెల్లో ఏం తప్పుతోందో తెలుసుకుంటున్నాం. అది మీ హరితలాంటి పిల్లలకే పనికొస్తుంది. మిగిలింది మా దగ్గర ఉంచుకోవడానికి ఒప్పుకుంటారా?"

స్పందనకు ఆమె ఒప్పుకుంటుందనే అనిపించింది. గేటు దాకా దిగివచ్చిన మనిషిని, కూతురి భయం తీర్చిన మనిషిని, కాదనదనిపించింది. విజయభాస్కర్‌కు కూడా అలాగే అనిపించి ఉండాలి. ఆయన చెయ్యి అప్పటికే తను వెంట తెచ్చి బల్ల మీద పెట్టిన అంగీకారపత్రం దగ్గరికి పోయింది.

"మంచిగ అడిగిన్రు సారూ," అంది వెంకటనర్సమ్మ. "ఆ దినం ఇట్ల అడిగితె ఇస్తుంటినేమో. ఎర్కలేదు. ఇప్పుడైతె ఇయ్య."

ఆయన చెయ్యి ఆగింది.

"నామీద కోపం జెయ్యకున్రి."

"లేదమ్మా. అడిగాక, ఇయ్యను అనే హక్కు మీకుంది." ఆయన పత్రాన్ని సొరుగులో పెట్టాడు. స్పందన వైపు చూసి, "తీసుకురా," అన్నాడు.

స్పందన ఫ్రీజరు తెరిచింది. ఆ ట్యూబుతోపాటు, ఆ కండతో చేసిన గాజుపలకలన్నీ ఏరింది. అవి రెండు పెట్టెలయ్యాయి. నాలుగేళ్ళ పనిలో సగం పోలికలు వీటితోనే చేసింది. ఇంకో కంట్రోలుతో అవన్నీ మొదటినుంచి మళ్ళీ చెయ్యాలి. ఆ లెక్క మనసులోకి రాబోతుంటే అక్కడే ఆపి, పెట్టెలు తెచ్చి బల్ల మీద పెట్టింది. ముక్కను ట్యూబులోంచి తీసి స్టీలు డబ్బాలో పెట్టినప్పుడు అడుగున టక్కుమని చిన్న చప్పుడైంది, రాయి పడ్డట్టు. గడ్డకట్టి ఉంది.

"బొమ్మలు కంప్యూటర్లో ఉన్నాయమ్మా. అవి తీసెయ్యమంటారా?"

వెంకటనర్సమ్మ ఆలోచించింది. "బొమ్మలుంచుకోన్రి. లేబరోళ్ళకు సూపెట్టాలె గద." డబ్బా మూత పెట్టి, గుడ్డ ముడి వేసింది. "ఉప్పలయ్యవని రాసి ఉంచున్రి. నెంబరు గాదు."

తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. "నువ్వు గుడ రా బిడ్డా. నువ్వు తెచ్చినవ్ గద, నువ్వే పెట్టాలె."

*

నాచారం శ్మశానంలో ఉప్పలయ్య సమాధి మీద గడ్డి మోకాలెత్తున పెరిగింది. వెంకటనర్సమ్మ కొంగు నడుముకు దోపి, గడ్డి పీకి, తలవైపున గడ్డపారతో తవ్వింది. వానలకు మన్ను మెత్తగా ఉంది. హరిత చేతుల్తో మన్ను తోడింది. ఎవరూ ఏడవలేదు. గుంట మోచేతి లోతు అయ్యాక వెంకటనర్సమ్మ డబ్బా స్పందన చేతికిచ్చింది.

ముక్క అప్పటికి కరిగింది. గట్టిగా, తెల్లగా, రాయిలా ఉన్నదాన్నే చూడడం స్పందనకు అలవాటు. ఇప్పుడది ఎర్రగా, తడిగా, మెత్తగా ఉంది. అరచేతిలోకి తీసుకుంది. చేతికి తొడుగు లేదు. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా దాన్ని ఉత్త చేత్తో తాకలేదని అప్పుడు తెలిసింది. వంగి, గుంటలో పెట్టింది. గాజుపలకలు కూడా పక్కన పేర్చింది. ముగ్గురూ మూడు గుప్పిళ్ళు మన్ను వేశారు. వెంకటనర్సమ్మ మిగిలిన మన్ను కాలితో తోసి, చేత్తో చదును చేసి, పసుపు కుంకుమ చల్లింది.

ఇంటికి రాగానే ఆమె తొట్టిలోంచి చెంబుతో నీళ్ళు ముంచి, గడప బయట స్పందన కాళ్ళ మీద పోసింది. తరవాత చేతుల మీద. పోస్తూ అడిగింది.

"మీ ఫ్రీజర్ల ఇంకెంతమంది ఉన్నరు?"

"ఇంకో పదకొండు మంది."

"వాళ్ళ ఇండ్లల్ల ఎర్కనా?"

"తెలియదమ్మా. మాకు పేర్లు ఇవ్వరు."

"దవాఖానల ఉంటయి గద."

"ఉంటాయి."

వెంకటనర్సమ్మ చెంబు బోర్లించింది. "అయితె పోయి అడుగు. కొందరు ఇస్తరు. కొందరు తిడ్తరు. తిడితె పడాలె." తలుపు తోసింది. "లోపటికి రా. బువ్వ తిని పో."

స్పందన నేల మీద కూర్చుని తిన్నది. పచ్చిపులుసు కారంగా ఉంది. హరిత ఆమె కంచంలో రెండోసారి అన్నం పెట్టింది.

తరవాతి సోమవారం స్పందన సెలవు అడిగింది. విజయభాస్కర్ ఎందుకని అడగలేదు. దవాఖాన రికార్డు గదికి చూపించమని సంస్థ ముద్ర వేసిన ఉత్తరం ఇచ్చాడు. తన ఫోను నంబరు కూడా దాని కింద చేత్తో రాశాడు. ఆ ఉత్తరం చూపించి పేర్లు తీసుకోవడానికి మూడు పూటలు తిరగాల్సి వచ్చింది.

మొదటి ఇల్లు అంబర్‌పేటలో దొరికింది. ఇనుపసామాన్ల కొట్టు పక్కన మేడమెట్లు ఎక్కి తలుపు కొట్టింది. తీసినవాడు పెద్దాయన, బనీను మీద తువ్వాలు వేసుకున్నాడు. లోపల టీవీలో సమ్మె వార్తలు గట్టిగా వినిపిస్తున్నాయి.

"ఎవరు కావాలమ్మా?"

"పోశయ్య గారు మీరేనా అండి?"

"నేనే."

"నా పేరు స్పందన. ఉప్పల్ రోడ్డులో ల్యాబులో పనిచేస్తాను. బండి ప్రమాదంలో పోయిన మీ అబ్బాయి గురించి మీకొక సంగతి చెప్పాలి. తరవాత ఒక మాట అడగాలి."

పెద్దాయన ఆమెను తేరిపార చూశాడు. తరవాత లోపలికి తిరిగి, టీవీ ఆపమని ఎవరికో చెప్పాడు.